గార్డుకు పోలీసు అధికారాలు లేవు.. కేసుకు తొలి సాక్షి మాత్రం అతడే

ప్రైవేటు భద్రతపై చట్టం ఏం చెబుతోంది? కాపలా కాసేవారు, నియమించుకునేవారు తెలుసుకోవాల్సిన అంశాలు

బ్యాంకు గుమ్మం, ఏటీఎం కేంద్రం, ఆసుపత్రి గేటు, ఇంజినీరింగు కళాశాల, నూలు మిల్లు, అపార్ట్‌మెంటు.. జిల్లాలో ఇప్పుడు ప్రైవేటు సెక్యూరిటీ గార్డు కనిపించని చోటు అరుదు. పోలీసుస్టేషన్ గడప ఎన్నడూ తొక్కని వ్యక్తి సైతం రోజుకు ఒకటి రెండుసార్లైనా గార్డు ముందు నుంచి నడవక తప్పదు. చోరీ జరిగినా, కొట్లాట చెలరేగినా, అర్ధరాత్రి షట్టరు తాళం పగిలినా తొలుత చూసేది, తొలుత పరుగెత్తేది అతడే. పోలీసులు వచ్చేది ఆ తర్వాతే.

అయితే గార్డు అధికారం ఎంతవరకు అన్న విషయంలో అపోహలు ఎక్కువ. కొందరు యజమానులు అతడిని చిన్నపాటి పోలీసుగా భావించి, దొరికిన దొంగను కట్టేసి కొట్టమంటారు. మరికొందరు గేటు తీసి మూసే మనిషిగా మాత్రమే చూస్తారు. రెండూ పొరపాటే. చట్టం దృష్టిలో గార్డు సాధారణ పౌరుడు. ఒంటిపై యూనిఫాం, చేతిలో లాఠీ ఉన్నంత మాత్రాన అదనపు అధికారం రాదు. నేర న్యాయ వ్యవస్థకు అతని వల్ల కలిగే అసలు మేలు దొంగను దండించడంలో లేదు. చూసింది చూసినట్లు నమోదు చేయడం, ఆధారాలు చెదరకుండా కాపాడటం, నిందితుడిని సకాలంలో పోలీసులకు అప్పగించడం, రేపు న్యాయస్థానంలో నిలబడి చెప్పడం.. ఈ నాలుగింటిలోనే ఉంది.

తలారి నుంచి సెక్యూరిటీ గార్డు వరకు

గ్రామాల్లో కాపలా కొత్తది కాదు. ఆంధ్ర ప్రాంతంలో మునసబు కింద తలారి, తెలంగాణలో పోలీసు పటేలు కింద కావలికారు ఊరి కాపలా చూసేవారు. ఊళ్లో దొంగతనం జరిగినా, అనుమానాస్పద మరణం సంభవించినా ఠాణాకు కబురు చేరవేసే బాధ్యత వారి వ్యవస్థదే. మునసబు, కరణం, పటేలు, పట్వారీ పదవులను 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రద్దు చేసిన విషయం విదితమే. ఆ తర్వాతి దశాబ్దాల్లో బ్యాంకు శాఖలు, ప్రైవేటు పరిశ్రమలు, బహుళ అంతస్తుల భవనాలు పెరగడంతో కాపలా కూడా వ్యాపారంగా మారింది.

తలారి గ్రామ పాలనలో భాగం. నేటి గార్డు కాదు. అతడు ఒక ఏజెన్సీకి ఉద్యోగి. ఆ ఏజెన్సీ మరో సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందం మేరకు పనిచేస్తాడు. 1969లో ఏర్పాటైన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, 1991 చట్టంతో ఉమ్మడి రాష్ట్రంలో ఏర్పడిన ప్రత్యేక రక్షణ దళం సైతం సంస్థలకు కాపలా కాస్తాయి. విశాఖ ఉక్కు కర్మాగారం, శంషాబాద్ విమానాశ్రయం కేంద్ర దళం రక్షణలో ఉన్నాయి. అవి ప్రభుత్వ దళాలు. వాటి సిబ్బందికి ఆయా చట్టాలే అరెస్టు అధికారం ఇచ్చాయి. ప్రైవేటు గార్డును వారితో పోల్చడానికి వీల్లేదు.

2005 చట్టం ఏం చెబుతోంది?

ఎవరు పడితే వారు ఏజెన్సీ పెట్టి మనుషులను సరఫరా చేసే పరిస్థితిని అదుపు చేసేందుకు పార్లమెంటు 2005లో ప్రైవేటు భద్రతా సంస్థల (నియంత్రణ) చట్టాన్ని ఆమోదించింది. ఇది 2006 మార్చిలో అమల్లోకి వచ్చింది. ఈ రంగంలో దీన్ని ‘పసారా’ చట్టంగా వ్యవహరిస్తారు. దీని ప్రకారం రాష్ట్ర హోంశాఖలో సంయుక్త కార్యదర్శి స్థాయికి తగ్గని అధికారి నియంత్రణాధికారిగా ఉంటారు. ఆయన లైసెన్సు ఇవ్వనిదే ఏ ఏజెన్సీ కూడా ఈ వ్యాపారం చేయరాదు.

లైసెన్సు రుసుము ఒక జిల్లాకు రూ.5 వేలు, ఒకటికి మించి అయిదు జిల్లాల వరకు రూ.10 వేలు, రాష్ట్రమంతటికీ రూ.25 వేలుగా చట్టంలోనే నిర్ణయించారు. లైసెన్సు గడువు అయిదేళ్లు. గడువు ముగియడానికి కనీసం 45 రోజుల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవాలి. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం కనుక హైదరాబాద్ కేంద్రంగా తెలంగాణ లైసెన్సుతో నడిచే ఏజెన్సీ కర్నూలులో గార్డులను పెట్టాలంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ లైసెన్సు పొందాల్సిందే.

లైసెన్సు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా రూ.25 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. గార్డు గానీ, సూపర్‌వైజరు గానీ సైన్యం, పోలీసు దుస్తులను, లేదా వాటిని పోలిన దుస్తులను ధరిస్తే ఏడాది వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. భుజాన నక్షత్రాలు కుట్టించి, పోలీసు టోపీ పెట్టించి గార్డును గేటు వద్ద నిలబెట్టడం యజమానికి గొప్పగా అనిపించవచ్చు. చట్టం దృష్టిలో మాత్రం అది నేరమే.

శిక్షణ 160 గంటలు

గార్డుగా చేరే వ్యక్తి భారత పౌరుడై, 18 ఏళ్లు నిండి 65 ఏళ్లు దాటకుండా ఉండాలి. అతని గుణగణాలు, పూర్వ చరిత్రను ఏజెన్సీ విచారించి నిర్ధారించుకోవాలి. న్యాయస్థానంలో శిక్ష పడినవారు, సైన్యం, పోలీసు శాఖల నుంచి దుష్ప్రవర్తన కారణంగా తొలగింపునకు గురైనవారు పనికిరారు. మాజీ సైనికులు, మాజీ పోలీసులు, హోంగార్డులుగా పనిచేసిన వారికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం పేర్కొంటోంది.

2006లో కేంద్రం రూపొందించిన నమూనా నియమావళి ప్రకారం గార్డుకు 100 గంటలు తరగతి గదిలో, 60 గంటలు క్షేత్రస్థాయిలో శిక్షణ ఇవ్వాలి. ఇది కనీసం 20 పనిదినాలు సాగాలి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల తరగతులు, 16 గంటల క్షేత్ర శిక్షణ సరిపోతాయి. అగ్నిమాపక విధానం, ప్రథమ చికిత్స, జన సమూహాలను అదుపు చేయడం, గుర్తింపు పత్రాల పరిశీలన, పేలుడు పదార్థాలను గుర్తించడం పాఠ్యాంశాలు. వీటితోపాటు శిక్షాస్మృతి ప్రాథమిక పరిజ్ఞానం, ఆత్మరక్షణ హక్కు, ఠాణాలో ప్రథమ సమాచార నివేదిక నమోదు చేయించే విధానం కూడా నేర్పాలి. 15 మంది గార్డులకు ఒక సూపర్‌వైజరు ఉండాలి. కేంద్రం 2020 డిసెంబరులో కొత్త నమూనా నియమావళిని జారీ చేసింది.

కాగితంపై ఇంత ఉన్నా, నిన్నటి వరకు పొలం పనికో, తాపీ పనికో వెళ్లిన మనిషికి ఈరోజు చొక్కా, ఈల ఇచ్చి రాత్రి కాపలాకు పంపే ఏజెన్సీలు లేకపోలేదు. నష్టం ఆ గార్డుతోనే ఆగదు. అతడు తెలియక చేసిన పొరపాటుతో మొత్తం కేసు బలహీనపడుతుంది.

పట్టుకోవచ్చా? ఎంతసేపు ఉంచవచ్చు?

2024 జులై 1 నుంచి నేర విచారణ ప్రక్రియా స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. పాత స్మృతిలో 43వ సెక్షన్‌గా ఉన్న నిబంధన ఇందులో 40వ సెక్షన్ అయింది. ప్రైవేటు వ్యక్తి మరొకరిని అరెస్టు చేసే సందర్భాలను ఇది వివరిస్తోంది. గార్డుకూ ఇదే వర్తిస్తుంది. తన సమక్షంలో నాన్‌ బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరానికి పాల్పడిన వ్యక్తిని, లేదా న్యాయస్థానం ప్రకటిత నేరస్థుడిగా ప్రకటించిన వ్యక్తిని మాత్రమే పట్టుకోవచ్చు. నేరం నాన్‌ బెయిలబుల్ కావడం, వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగినది కావడం.. రెండూ ఉండాలి. ఎవరో చెప్పారనో, మనిషి అనుమానంగా కనిపించాడనో పట్టుకోవడానికి ఈ సెక్షన్ అనుమతించదు.

పట్టుకున్న వ్యక్తిని అనవసర జాప్యం లేకుండా పోలీసులకు అప్పగించాలని పాత చట్టం చెప్పేది. కొత్త చట్టం దీనికి గడువు విధించింది. అరెస్టు చేసిన 6 గంటల్లోపు అప్పగించి తీరాలి. రాత్రి 11 గంటలకు పట్టుకున్న వ్యక్తిని ‘తెల్లారాక మేనేజరు వస్తారు, అప్పుడు చూద్దాం’ అని ఉదయం 8 గంటల వరకు స్టోరు గదిలో ఉంచితే గడువు దాటినట్లే. అప్పుడు అక్రమ నిర్బంధం కింద గార్డు, యజమాని ఇద్దరూ నిందితులయ్యే ప్రమాదం ఉంది.

చిల్లర చోరీల విషయంలో మరో మార్పు గమనార్హం. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం చోరీ సొత్తు విలువ రూ.5 వేల లోపు ఉండి, తొలిసారి దోషిగా తేలిన వ్యక్తి సొత్తును లేదా దాని విలువను తిరిగి ఇచ్చేస్తే సమాజసేవ శిక్షగా విధిస్తారు. ఈ తరహా చోరీని బెయిలబుల్, నాన్ కాగ్నిజబుల్ నేరంగా వర్గీకరించారు. అంటే సూపర్ మార్కెట్‌లో రూ.300 విలువైన సబ్బులు సంచిలో వేసుకున్న వ్యక్తిని 40వ సెక్షన్ పేరిట నిర్బంధించడం చట్టపరంగా ప్రశ్నార్థకమే. ఆస్తిని కాపాడుకునే హక్కు మాత్రం ఉంది కాబట్టి సరకు బయటకు పోకుండా అడ్డుకోవచ్చు, తిరిగి తీసుకోవచ్చు. ఆపై సీసీ కెమెరా దృశ్యాలను భద్రపరచి పోలీసులకు ఫిర్యాదు చేయడమే సరైన మార్గం.

సోదా విషయంలోనూ స్పష్టత అవసరం. ప్రైవేటు వ్యక్తి పట్టుకుని అప్పగించిన నిందితుడిని సోదా చేసే అధికారం అతడిని స్వీకరించిన పోలీసు అధికారికి ఉంటుందని చట్టం చెబుతోంది. మహిళను మరో మహిళే, మర్యాదకు భంగం కలగకుండా సోదా చేయాలి. గార్డు బలవంతంగా జేబులు వెతికి సొత్తు బయటకు తీస్తే, అది ఎక్కడ, ఎవరి వద్ద దొరికిందన్న ప్రశ్న విచారణలో తప్పక వస్తుంది.

ఆత్మరక్షణ హక్కు న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. ప్రాణానికి, ఆస్తికి ముప్పు ఎదురైనప్పుడు బలం వాడవచ్చు. రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయరాదు. పారిపోతున్న దొంగను పట్టుకోవడానికి పెనుగులాడటం వేరు, చిక్కిన తర్వాత స్తంభానికి కట్టి కొట్టడం వేరు. రెండోది జరిగితే దొంగతనం కేసు పక్కకు పోయి, గార్డుపైనే దాడి కేసు ముందుకు వస్తుంది. దెబ్బలకు నిందితుడు మరణిస్తే హత్య అభియోగం వరకూ వెళ్లవచ్చు.

తొలి గంటలోనే కేసు బలం

నేరం జరిగిన తర్వాత పోలీసులు చేరుకునేలోపు గడిచే సమయం దర్యాప్తుకు అత్యంత కీలకం. ఆ సమయంలో ఘటనా స్థలం గార్డు చేతిలోనే ఉంటుంది. పగిలిన తాళం, జారిపడిన చెప్పు, అద్దంపై వేలిముద్ర, నేలపై రక్తపు మరక.. ఇవేవీ కదల్చకూడదు. జనం లోపలికి రాకుండా తాడు కట్టి నిలువరించాలి. గాయపడినవారు ఉంటే మిగతా వాటన్నిటికంటే వారి ప్రాణమే ముందు. 112కు ఫోన్ చేసి, చేసిన సమయాన్ని రిజిస్టరులో రాయాలి. ఎవరు, ఎటు నుంచి, ఏ వాహనంపై వచ్చారు, నంబరులో కనిపించిన అంకెలు ఎన్ని, ఏ దుస్తులు ధరించారు అన్నవి మరచిపోకముందే సొంత మాటల్లో నమోదు చేయాలి.

సీసీ కెమెరా ఉన్నంత మాత్రాన గార్డు అవసరం తీరదనడానికి బెంగళూరు ఏటీఎం ఉదంతం నిదర్శనం. 2013 నవంబరు 19న ఉదయం అక్కడి ఏటీఎం కేంద్రంలోకి వెళ్లిన బ్యాంకు ఉద్యోగినిపై ఒక వ్యక్తి షట్టరు దించి వేటకొడవలితో దాడి చేశాడు. కెమెరా అంతా చిత్రీకరించింది. కాపలా లేకపోవడంతో తీవ్రంగా గాయపడిన ఆమె కొన్ని గంటలపాటు ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాత కాపలా లేని ఏటీఎంలను అధికారులు మూసివేయించారు. చిత్తూరు జిల్లాకు చెందిన నిందితుడు మూడేళ్లకు పైగా తప్పించుకు తిరిగి 2017లో మదనపల్లెలో పోలీసులకు చిక్కాడు. 2021లో బెంగళూరు న్యాయస్థానం అతనికి పదేళ్ల జైలుశిక్ష విధించింది. కెమెరా నేరాన్ని చూడగలిగింది కానీ కేక వేయలేకపోయింది, అంబులెన్సును పిలవలేకపోయింది.

కెమెరా దృశ్యాల విషయంలో ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం ముఖ్యమైనది. ప్రజలు ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు కెమెరాలు ఏర్పాటు చేసి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని అది నిర్దేశించింది. నిల్వ సామర్థ్యం తక్కువగా ఉన్న యంత్రాల్లో పాత దృశ్యాలపైనే కొత్తవి చేరిపోతుంటాయి. కనుక ఘటన జరిగిన వెంటనే యజమానికి చెప్పి ఆ భాగాన్ని విడిగా భద్రపరచాలి. సెల్‌ఫోన్‌తో తెరను చిత్రీకరించి వాట్సాప్‌లో పంచడం సాక్ష్యం కాదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం జతచేయాలి. ఆ యంత్రం బాధ్యత చూసే వ్యక్తి, నిపుణుడు దానిపై సంతకాలు చేయాల్సి ఉంటుంది. ఈ తరహా ధ్రువపత్రం తప్పనిసరని పాత సాక్ష్య చట్టం కిందనే సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది.

సాక్షి చిరునామా ఏది?

విచారణ కొన్నేళ్లు పడుతుంది. గార్డు ఉద్యోగం అన్నేళ్లు ఒకేచోట ఉండదు. ఏజెన్సీ మారతాడు, ఊరు మారతాడు, సొంత రాష్ట్రానికి వెళ్లిపోతాడు. సమన్లు ‘చిరునామాలో లేరు’ అన్న రాతతో తిరిగి వస్తే ప్రత్యక్ష సాక్షి లేక కేసు వీగిపోయే అవకాశం ఉంది. 2005 చట్టంలోని 15వ సెక్షన్ విలువ ఇక్కడే తెలుస్తుంది. గార్డుల పేర్లు, చిరునామాలు, ఫొటోలు, జీతాలు, వారిని ఎవరి వద్ద నియమించారన్న వివరాలతో ప్రతి ఏజెన్సీ రిజిస్టరు నిర్వహించాలి. గార్డుకు ఫొటోతో గుర్తింపు కార్డు ఇవ్వాలి. చాలామందికి ఇది తనిఖీ కోసం రాసే పుస్తకంగానే కనిపిస్తుంది. నిజానికి అయిదేళ్ల తర్వాత సాక్షిని వెతికి పట్టించేది ఆ పుస్తకమే.

కాపలా కాసేవారిలో పెద్ద వయసువారు ఎక్కువ. 60 ఏళ్లు దాటిన పురుషులను, మహిళలను సాక్షిగా విచారించేందుకు వారు నివసించే చోటు తప్ప మరోచోటికి రమ్మని పోలీసులు ఒత్తిడి చేయరాదని సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలో ఈ వయోపరిమితి 65 ఏళ్లు. నిందితుల నుంచి బెదిరింపులు ఎదురైతే రక్షణ కోరవచ్చు. 2018లో సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. రాష్ట్రాలు ఇలాంటి పథకం రూపొందించాలని కొత్త సంహిత 398వ సెక్షన్‌లో పొందుపరిచారు.

నగదు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు

బ్యాంకు నుంచి ఏటీఎంలకు నగదు చేరవేసే వాహనాలపై కేంద్రం 2018లో ప్రత్యేక నియమావళి జారీ చేసింది. పట్టణాల్లో రాత్రి 9 తర్వాత, గ్రామాల్లో సాయంత్రం 6 తర్వాత ఏటీఎంలలో నగదు నింపరాదు. వామపక్ష తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో సాయంత్రం 4కే పని ముగించాలి. వాహనంలో డ్రైవరుతోపాటు ఇద్దరు సాయుధ గార్డులు, నగదు బాధ్యత చూసే ఇద్దరు ఉద్యోగులు ఉండాలి. ఒక్క విడతలో రూ.5 కోట్లకు మించి తరలించరాదు. నగదు నింపుతున్నంతసేపూ కనీసం ఒక సాయుధ గార్డు వాహనం వద్దే ఉండాలి.

ఈ జాగ్రత్తల అవసరాన్ని 2025 జనవరి 16 నాటి ఘటన మరోమారు గుర్తుచేసింది. తెలంగాణ సరిహద్దులోని బీదర్‌లో ద్విచక్ర వాహనంపై వచ్చిన దుండగులు పట్టపగలు ఏటీఎం నగదు సిబ్బందిపై కాల్పులు జరిపి డబ్బుతో ఉడాయించారు. సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. అదేరోజు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఒక ట్రావెల్స్ ఉద్యోగిపైనా కాల్పులు జరిగాయి.

కాపలాదారే కాజేస్తే శిక్ష మరింత కఠినం. యజమాని సొత్తును ఉద్యోగి దొంగిలిస్తే న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద, నమ్మి అప్పగించిన సొత్తును సొంతం చేసుకుంటే 316వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది.

జీతం సంగతి కూడా భద్రతలో భాగమే

పన్నెండు గంటల కాపలా, వారాంతపు సెలవు లేకపోవడం, ఒకరు రాకపోతే మరొకరే రెండు డ్యూటీలు చేయడం ఈ రంగంలో సాధారణమైపోయింది. నిద్రకు తూలే మనిషి నుంచి నిక్కచ్చి సాక్ష్యం ఆశించలేం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం కనీస వేతనం, అదనపు గంటలకు రెట్టింపు వేతనం గార్డు హక్కు. అర్హత గల సంస్థల్లో భవిష్య నిధి, ఈఎస్‌ఐ సదుపాయాలు కల్పించాలి. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని చెల్లించాల్సి ఉంటుంది. తక్కువ ధరకు కోట్ చేసిన ఏజెన్సీకే కాంట్రాక్టు ఇచ్చే ముందు ఆ ధరలో గార్డు చేతికి అందేదెంతో లెక్క చూడటం యజమాని బాధ్యత.

నియమించుకునేవారు చూడాల్సినవి

* ఏజెన్సీ లైసెన్సు, దాని గడువు, మీ జిల్లాకు వర్తిస్తుందో లేదో చూడాలి. లైసెన్సును కార్యాలయంలో అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని చట్టం చెబుతోంది.
* గార్డు పూర్వ చరిత్రపై పోలీసు విచారణ పూర్తయిందా, శిక్షణ ధ్రువపత్రం ఉందా అని అడగాలి. ఏజెన్సీ లేకుండా వాచ్‌మన్‌ను నేరుగా పెట్టుకున్నా వివరాలు ఠాణాలో ఇవ్వడం మేలు.
* తుపాకీ ఉంటే ఆయుధ లైసెన్సు ఎవరి పేరిట ఉందో, గడువు ఉందో లేదో పరిశీలించాలి.
* గేటు వద్ద పేజీల సంఖ్య వేసిన రిజిస్టరు, స్టేషన్ ఫోన్ నంబరు, టార్చిలైటు, ప్రథమ చికిత్స పెట్టె ఉంచాలి.
* పట్టుబడిన వ్యక్తిని కొట్టవద్దని, వెంటనే పోలీసులకు అప్పగించాలని రాతపూర్వకంగా ఆదేశించాలి. పట్టుకున్న సమయం, అప్పగించిన సమయం, స్వీకరించిన పోలీసు పేరు నమోదు చేయించాలి.
* గార్డు సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వెళ్లిన రోజు జీతం కోయరాదు. పూట కూలి పోతుందన్న భయంతో సాక్షి రాకపోతే నష్టపోయేది ఫిర్యాదు చేసిన యజమానే.

నేరస్థుడికి శిక్ష వేసేది న్యాయస్థానం. దర్యాప్తు చేసేది పోలీసు. ఆ రెండూ సవ్యంగా సాగాలంటే, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పగల మనిషి ఒకరు మెలకువతో, నిర్భయంగా ఉండాలి. గేటు పక్కన కుర్చీలో కూర్చున్న గార్డే ఆ మనిషి.